డాబా మీద శీతకాలపు కూరమడి

పెరడు లేని ఇంట కూడ, రోజుకు ఐదారు గంటలు ఎండ తగులు డాబా ఉన్నచో కుండీలలో ఆకుకూరలు పండించవచ్చును. తెలుగునాట అక్టోబరు, నవంబరు మాసములు ఇందుకు అనువైనవి. ఎండకాలమున కొత్తిమీర త్వరగా పూతకు వచ్చును. చలిదినములలో ఆకు ఎక్కువకాలము నిలుచును.

ధనియము నిజమునకు రెండు విత్తులు గల కాయ. దానిని మెల్లగా నలిపి బద్దలు చేసి, అరంగుళము లోతున విత్తవలెను. మెంతులు 3, 4 రోజులలో మొలచును. ధనియములకు 10 రోజులు దాటవచ్చును. ఈలోపల ఓర్పు చాలక నీరు కుమ్మరించినచో పంట చెడును. మట్టి సందులలో గాలి ఉండును; విత్తులును వేళ్లును దానినే పీల్చును. నీరు నిలిచినచో ఆ గాలి వెడలిపోయి అవి కుళ్లును. కావున కుండీ అడుగున రంధ్రముంచవలెను. మట్టిలో ఇసుక, చివికిన పశువుల ఎరువు కలుపవలెను. పైమన్ను వేలికి పొడిగా తగిలినప్పుడే నీరు చల్లవలెను.