తీర్పరి చేతి కొలబద్ద

సంక్రాంతి దినములలో ముదినేపల్లి, గుడివాడ ప్రాంతముల రైతులకు ఎడ్ల బండలాగుడు పందెమును మించిన వేడుక అరుదు. పళ్ల వరుసను బట్టి గిత్తలను విభజింతురు. ఒక విభాగమున అన్ని జతలకును ఒకే బండ, ఒకే గడువు. గడువు తీరగానే లాగిన దూరమును అందరి యెదుట అడుగులలో కొలిచి చాటుదురు. ఓడిన రైతు తన జతను నిందించుకొనునేమో కాని టేపును నిందింపడు. తగవునకు వీలున్నది పళ్లు చూచునప్పుడే. ఆరవ పన్ను వచ్చినదా, రాలేదా? అచట కొలత లేదు. చూచువాని కన్నే ప్రమాణము.

మోటారు పందెముల సంగతియు ఇట్టిదే. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు హుస్సేన్ సాగర తీరమున విద్యుత్ కార్ల ఫార్ములా-ఇ పోటీ జరిగినది. మూడవవాడుగా గీత దాటిన సెబాస్టియన్ బ్యుమీ కారు నియమిత శక్తిని మించి వాడినదని తేలగా, తీర్పరులు అతని కాలమునకు 17 సెకండ్లు చేర్చిరి. మూడవ స్థానము ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు దక్కినది. శిక్ష కఠినమే. కాని యంత్రము చూపిన అంకె యెదుట వాదమునకు చోటు స్వల్పము.

అంతకు ముందు, 2021 డిసెంబరు 12వ తేదీన అబుదాబిలో జరిగినది వేరు. ఫార్ములా వన్ చివరి పందెము నాటికి హామిల్టన్, వెర్‌స్టాపెన్ చెరి 369.5 పాయింట్లతో సమానముగా నుండిరి. కొద్ది చుట్లు మిగిలియుండగా ఒక కారు గోడను ఢీకొనుటచే, వేగమును అదుపుచేయు రక్షణ కారును పంపిరి. ఒక చుట్టు వెనుకబడిన కార్లను ముందుకు పోనిచ్చి, ఆ పై చుట్టు చివర రక్షణ కారును తొలగించుట నియమము. అధికారి మైకేల్ మాసీ ఆ యిరువురి నడుమ నున్న ఐదు కార్లను మాత్రమే పోనిచ్చి, ఆ చుట్టు చివరనే పందెమును సాగనిచ్చెను. క్రొత్త టైర్లు గల వెర్‌స్టాపెన్ చివరి చుట్టులో హామిల్టన్‌ను దాటి జగజ్జేత యయ్యెను. 2022 మార్చిలో అంతర్జాతీయ సమాఖ్య దానిని మానవ తప్పిదమని అంగీకరించుచు, అధికారి సద్భావమును శంకింపలేదు. ఫలితము మాత్రము మారలేదు.

పందెము రక్షణ కారు వెనుక చప్పగా ముగియరాదను కోరిక మంచిదే. కాని మంచి కోరికకై వంచిన నియమము ఒకని చేతి గెలుపును మరొకనికి ఇచ్చినది. గెలిచినవాని కీర్తికిని మచ్చ తెచ్చినది. హైదరాబాదు శిక్ష మఱపునకు వచ్చినది. అబుదాబి తీర్పు నేటికిని చర్చనీయమే.

అన్ని తప్పులను యంత్రము కొలువజాలదు. రెండు కార్లు తాకినప్పుడు దోషమెవరిదో మనిషియే చెప్పవలెను. అట్టిచోట ఒకే తప్పునకు ఒకే శిక్ష యుండవలెను. కారణము అందరికిని తెలియవలెను. 2025లో సమాఖ్య తన శిక్షల మార్గదర్శకములను బహిరంగపరచుట ఈ దారిలో ఒక అడుగు. పందెమునకు ముందే గిత్త నోరు తెరచి ఎదుటి జత రైతునకును చూపుట యిట్టిదే. పళ్లు తానే లెక్కించినవాడు ఓడినను తలయెత్తుకొని ఇంటికి పోగలడు.