కండరాలకు సెలవిచ్చే యోగం

ఒళ్లు వదులు చేయమని మనసు ఆజ్ఞాపించినా కండరాలు వెంటనే వినవు. వెల్లకిలా పడుకుని, అరికాళ్లు కలిపి, మోకాళ్లను పక్కలకు వాల్చినప్పుడు అవి గాలిలో వేలాడుతున్నంతసేపూ తొడ లోపలి కండరాలు ఆ బరువును పట్టి ఉంచుతూనే ఉంటాయి. మోకాళ్ల కింద దిండు పెడితే ఆ పని తప్పిపోతుంది. ఆసరాలతో విశ్రాంతినిచ్చే రెస్టొరేటివ్ యోగా అంతా ఈ చిన్న విషయం మీదే నిలిచింది. పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) దుప్పట్లు, బాలీసులు, కుర్చీల ఆసరాతో రోగులకు సైతం ఆసనాలు నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న అమెరికన్ ఫిజియోథెరపిస్టు జుడిత్ హాన్సన్ లాసాటర్ 1995లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతి విస్తృతంగా పరిచయమైంది. ఆసరా బలహీనులకేనన్న చిన్నచూపు కొందరిలో ఇంకా ఉంది. అది పొరపాటు, ఇక్కడ పని చేసేదే ఆసరా.

అలాగైతే మంచమెక్కి పడుకుంటే సరిపోదా? కొంతవరకు సరిపోతుంది, ఒప్పుకోవాలి. పడుకోగానే కాళ్లలోని రక్తం గుండెకు తేలిగ్గా చేరుతుంది. మెడ ధమనుల్లోని పీడన గ్రాహకాలు ఆ మార్పును పసిగట్టి మెదడుకు చెబితే, వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఇందుకు యోగా అక్కర్లేదు. అయితే మంచం మీద మనం ఫోన్ చూస్తాం, లేదా నిద్రపోతాం. ఇక్కడ ఒక్కో భంగిమలో పది, పదిహేను నిమిషాలు మెలకువతోనే ఉండి, ఊపిరిని నెమ్మదించనిస్తాం. ఆ నెమ్మదికి విలువ ఉంది: జపమాల ప్రార్థన, మంత్రజపం శ్వాసను నిమిషానికి ఆరు సార్లకు దగ్గరగా తెస్తాయనీ, అప్పుడు రక్తపోటును సరిదిద్దే ప్రతిచర్య చురుకవుతుందనీ ఇటలీ పరిశోధకులు 2001లో చూపించారు.

ఈ పద్ధతి ఒత్తిడి హార్మోన్లను కడిగేస్తుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మలేం. కాలిఫోర్నియాలో మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట కొవ్వు, అధిక రక్తపోటు, ఎక్కువ చక్కెర వంటివి కలిసి ఉండటం) ఉన్న 180 మందిని రెండు బృందాలు చేసి, ఒక బృందానికి ఈ యోగా, మరో బృందానికి కండరాలు సాగదీసే వ్యాయామాలు 48 వారాలు నేర్పారు. 2014లో వెలువడిన ఫలితాల్లో పరగడుపు చక్కెర యోగా బృందంలోనే ఎక్కువ తగ్గింది, అదీ స్వల్పంగానే. ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ మాత్రం సాగదీత బృందంలోనే మెరుగ్గా తగ్గింది. బృందంతో కలిసి చేయడం, శ్రద్ధగా చెప్పేవారు ఉండటం కూడా మేలు చేసి ఉండవచ్చు. కాబట్టి దీన్ని మందులకు బదులుగా కాక, వాటికి తోడుగా చూడటమే న్యాయం. గోడకు కాళ్లు ఆనించే భంగిమలో కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుంది గనుక గ్లకోమా ఉన్నవారు దాన్ని మానుకోవాలి. నెలలు నిండుతున్న గర్భిణులు వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవాలి.