ప్రళయము దాటిన బాలకథలు

లోకము నశించిన పిదప మిగిలిన బాలుడో బాలికయో ఎట్లు బ్రతుకుననెడి ఊహపై అల్లిన సాహసకథలు ఆంగ్లమున నొక పెద్ద శాఖగా పెరిగినవి. మన ఉపాధ్యాయులలో పెక్కురు వీనిని పిల్లలకు జడుపు పుట్టించు వ్రాతలని దూరముగా నుంచుదురు. ఆ శంక నిరాధారమని చెప్పరాదు. కాని వీనిలో మేలైనవానికి వినాశము ఉపక్రమము మాత్రమే; ఏమి మిగుల్చుకొనవలెనన్నదే అసలు కథ.

రాబర్టు ఓబ్రియన్ రచించిన 'జెడ్ ఫర్ జకరయా' 1974లో, రచయిత మరణించిన మరుసటి యేడు వెలువడినది. అణుయుద్ధముచే చుట్టుపట్ల నేలయంతయు విషమయము కాగా, కొండల నడుమ నొక లోయ మాత్రము నిలిచినది. అందు పదునారేండ్ల ఆన్ బర్డెన్ ఒంటరిగా నున్నది. ఆవును పితుకును, కోళ్లను సాకును, తోట త్రవ్వును. యుద్ధమునకు ముందు ఆమె ఉపాధ్యాయిని కాదలచినది. ఒకనాడు అణుధూళి సోకని దుస్తులు ధరించి ఒక శాస్త్రజ్ఞుడు వచ్చును. అతడు జబ్బుపడగా ఆమె ఉపచారము చేయును. కోలుకొన్న యాతడు ఆమెనే లొంగదీయజూచును. తుదకామె ఆ దుస్తులు తొడుగుకొని లోయను విడిచిపోవును. ఎచ్చటనో మరియొక లోయలో, బడిగదిలో, చదువు చెప్పువారికై పిల్లలు ఎదురుచూచుచున్నట్లు ఆమెకు కల వచ్చియుండెను. భయపెట్టునని మనము ప్రక్కకు నెట్టిన పుస్తకము పంతులుపనికి ఇంత గౌరవమిచ్చినది!

ఈ ఊహ మనకు క్రొత్త గాదు. భాగవతము అష్టమస్కంధమున మత్స్యమూర్తి సత్యవ్రతునితో ఓషధులను, బీజములను నావలో చేర్చి, సప్తర్షులతో కూడి యెక్కుమనును. ధనరాశుల ప్రసక్తి లేదు. విత్తనమును విద్యయు దాటవలెను. ఆధునిక కాలమున 'చందమామ' 1954లో దాసరి సుబ్రహ్మణ్యము 'తోకచుక్క' మొదలుకొని అనేక ధారావాహికలతో తెలుగు పిల్లలకు సాహసకథ రుచి చూపినది. ఆ సాహసము మాంత్రికుల వెంట పోయినది గాని మన ఊళ్ల వంక రాలేదు.

వచ్చినచో కావలసిన సామగ్రి మదనపల్లె నుండి కుప్పమునకు పోవు దారిలోనే కలదు. నాడు కడప జిల్లాలో నుండిన మదనపల్లె సీమ, 1876–78 నాటి ధాత కరువున లోకాంతము వంటిదానిని ఒకసారి చూచినది. అచటి దివ్యజ్ఞాన కళాశాల 1915లో అనిబిసెంటు స్థాపించినది. 1919లో రవీంద్రుడు 'జనగణమన'ను ఆంగ్లీకరించినది అందే. కథలోని పిల్ల అచ్చట రెండు పుస్తకములు సంచిలో వేసికొని దక్షిణముగా బయలుదేరవచ్చును.

పుంగనూరున ఆమెకు ఆవు దొరకవలెను. పుంగనూరు పొట్టి ఆవు ఎత్తు సుమారు మూడడుగులు, ఎండుమేతతో నెట్టుకొనివచ్చును, పాలలో వెన్న మెండు. చిన్నపిల్ల పలుపు పట్టి నడిపింపగల పశువు. గత శతాబ్ది చివరకు ఈ జాతి అంతరింపనుండగా, పలమనేరు పశుపరిశోధనా కేంద్రమున కాపాడి పెంచిన మందయే దానికి నావయైనది. దానికి ప్రళయము కల్పన కాదు.

ఇక కుప్పము. ద్రావిడభాషలకై 1997లో విశ్వవిద్యాలయము వెలసిన చోటు. ఒక పూట నడిచిన కన్నడసీమ, వేరొక దిక్కున నడిచిన తమిళసీమ. అచ్చటి గుట్టపై రాత్రి మంట వేసికొని కూర్చున్న పిల్లకు, ఆవు చెవులు రిక్కించిన పిమ్మట, దూరమున నొక మనుష్యకంఠము వినబడును. ఆ పిలుపు ఏ భాషదో, ఆమె ఏ భాషలో బదులు పలుకునో, తొమ్మిదవ తరగతి పిల్లలను వ్రాసి తెమ్మనవచ్చును.