మీకు తెలుసా? బ్యాంకు వేలంలో ఇల్లు కొనేవాళ్లకు కొన్ని వింతలు!

షోలాపూర్ కొంతం చౌక్ సందుల్లో ఏ తలుపు మీదైనా బ్యాంకు అంటించిన కాగితం కనిపించిందా? ఆగి చదవండి! ఆ ఇల్లు ఇక బ్యాంకు స్వాధీనంలో ఉందని ఊరికి చాటే నోటీసు అది. తలుపుకు అంటిస్తే సరిపోదు. 7 రోజుల్లోగా రెండు పత్రికల్లో వేయించాలి. ఒకటి స్థానిక భాషలో ఉండాలి. షోలాపూర్‌లో అంటే మరాఠీయే! ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మన పద్మశాలీలు వేలం ఇల్లు వెతకాలంటే మరాఠీ పేపరు తిరగెయ్యాల్సిందే!

పేపరు దొరకలేదా? ఫోను తీయండి! ప్రభుత్వ బ్యాంకుల వేలం ఆస్తులన్నీ ఒకేచోట చూపించే బ్యాంక్‌నెట్ పోర్టల్ 2025 జనవరిలో వచ్చింది. మొదట్లోనే అందులోకి ఎన్ని ఆస్తులు చేరాయో తెలుసా? 1,22,500కు పైగా!

సహకార బ్యాంకు అప్పుకి ఇల్లు ఇలా వేలానికి రాదనుకుంటున్నారా? వస్తుంది! బ్యాంకులు ఇలా ఇల్లు వేలం వేయడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టం సహకార బ్యాంకులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మే 5న తేల్చేసింది. ఆ కేసులోని బ్యాంకు ఎక్కడిదో కాదు, మన మహారాష్ట్రలోని ముర్గూడ్‌దే!

ఇది మాత్రం అప్పున్న ప్రతి ఇంట్లో తెలియాలి! అసలూ వడ్డీ కలిపి చూస్తే మిగిలిన బాకీ 20 శాతం లోపేనా? అయితే ఈ చట్టం చూపించి బ్యాంకు ఆ ఇంటిని వేలం వేయలేదు! ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

వేలం పాటలో గెలిచారు. సంబరమే! కానీ స్వీట్లు పంచే ముందు బ్యాంకుకు పరుగెత్తండి. ముందు కట్టిన ధరావతుతో కలిపి 25 శాతం అదే రోజు కట్టాలి. మరీ ఆలస్యమైతే మర్నాటి పనిదినానికి!

మిగతా సొమ్ముకు గడువు అమ్మకం ఖరారైన నాటి నుంచి 15 రోజులే! బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఇంకాస్త సమయం. హోమ్ లోన్ వచ్చాక చూద్దాంలే అనుకున్నారో, కట్టిన పావు వంతూ గోవిందా! ఆ సొమ్మంతా జప్తు చేసుకోవచ్చని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే చెప్పింది.

కరెంటు బిల్లు సంగతి వినండి! మన పేటల్లో ఇల్లూ, మరమగ్గమూ ఒకే కప్పు కింద. మగ్గం ఆగిపోయినా మీటరు మీద బాకీ అలాగే ఉండిపోతుంది. వేలం నోటీసులో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని ఉంటుంది, చూశారా? ఆ మాటలో పాత బాకీ కూడా దాక్కుని ఉండొచ్చు! విద్యుత్ నిబంధనలు అనుమతిస్తే పాత యజమాని బాకీ కట్టాకే కొత్త కనెక్షన్ ఇస్తామనడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2023 మే 19న తీర్పిచ్చింది. అందుకే పాటకు ముందే మీటరు నంబరు రాసుకుని కరెంటు కంపెనీ మహావితరణ ఆఫీసులో అడగండి. ఇంటి పన్ను కూడా నగరపాలికలో అడగండి. దయచేసి ఈ పని మానకండి!

బ్యాంకు స్వాధీనం అంటే ఇల్లు ఖాళీగా ఉందని కాదు! ‘ప్రతీకాత్మక స్వాధీనం’ అని రాసి ఉంటే లోపల ఇంకా ఒక కుటుంబం వండుకు తింటూ ఉండొచ్చు. వాళ్లను ఖాళీ చేయించమని బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటును అడగాలి. ఆయన ఉత్తర్వు ఇవ్వడానికి చట్టం పెట్టిన గడువు గరిష్ఠంగా 60 రోజులు!

పాత యజమాని ఇల్లు దక్కించుకోగలడా? గలడు! కానీ వేలం నోటీసు వెలువడేలోపే బాకీ మొత్తం కట్టాలి. 2016లో చట్టం మార్చి ఆ గీత గీశారు. అంతకు ముందు అమ్మకం పూర్తయ్యేదాకా వీలుండేది!

ఇంకో సంగతి! 20 లక్షల బాకీ ఉన్న ఇల్లు పాటలో 26 లక్షలు పలికిందనుకోండి. ఆ పై సొమ్ము బ్యాంకుదా? కాదు! ఖర్చులు పోగా, వేరే హక్కుదారులు లేకపోతే, మిగిలింది ఇల్లు పోగొట్టుకున్నవాళ్లదే! చట్టంలోనే ఉంది. మీ వాడలో ఎవరి ఇల్లైనా వేలంలో పోయిందా? మిగులు లెక్క రాతపూర్వకంగా అడగమని వాళ్లకు ఈరోజే చెప్పండి!