గుడియాత్తం కార్డు ఖరీదెంత?

స్టాంపుల సేకరణ అనగానే చాలామందికి గుర్తొచ్చే పని ఒకటే: కవరు మూల కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి, స్టాంపు ఊడదీసి, ఆరాక ఆల్బంలో అంటించడం. నిన్నమొన్నటి స్టాంపులకు అది చెల్లుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఉత్తరం చేతికొస్తే మాత్రం కత్తెర పక్కన పెట్టాలి. పాతదైతే చాలు స్టాంపుకు విలువ వచ్చేస్తుందనుకోవడం వట్టి భ్రమ. ప్రపంచంలో మొట్టమొదటి స్టాంపు, 1840 నాటి పెన్నీ బ్లాక్, దాదాపు 6.8 కోట్లు అచ్చయింది. పాతదే గాని అరుదైనది కాదు. మన దేశంలో 1854లో వచ్చిన అర్ధణా నీలం స్టాంపూ కోట్లలోనే అచ్చయింది. అలాంటిది విడిగా దొరికితే చెప్పేది తక్కువ. అదే స్టాంపు వేలూరు ముద్రతో, చిరునామాతో, వెనకవైపు చేరిన ఊరి ముద్రతో కవరు మీదే ఉంటే సాక్ష్యపత్రం అవుతుంది. వేలూరు, గుడియాత్తం లాంటి ఊళ్ళకు ఆ సాక్ష్యం అవసరం ఎక్కువ. 1881లో కాక్స్ దొర కూర్చిన ఉత్తర ఆర్కాడు జిల్లా మాన్యువల్‌లో శిస్తులు, పంటలు, కులాలు దొరుకుతాయి. ఫలానా వీధి దుకాణదారు ఏ ఊరివాళ్ళతో ఉత్తరాలు నడిపాడో అందులో దొరకదు.

తూకం సంగతే చూడండి. 1854 అక్టోబరు 1 నుంచి దూరంతో నిమిత్తం లేకుండా ఒకటే రేటు వచ్చింది: ఉత్తరం పావు తులం దాకా అర్ధణా, అర తులం దాకా అణా. అంతకుముందు దూరం పెరిగేకొద్దీ రుసుమూ పెరిగేది. పావు తులమంటే మూడు గ్రాముల లోపు. అందుకే ఆనాటి ఉత్తరాల్లో చాలావాటికి విడిగా కవరు ఉండదు. పల్చని కాగితాన్నే మడిచి, అంటించి, పైన చిరునామా రాసేవారు. స్టాంపు లేకుండా వేస్తే అందుకునేవాడు రెట్టింపు కట్టాలి. మన పెద్దల నోట నానిన బేరింగు ఉత్తరం అదే. డబ్బు రాబట్టుకోవాలి గనుక తపాలా బంట్రోతు తప్పక చేరుస్తాడన్న ధీమాతో కావాలనే బేరింగు వేసినవాళ్ళూ ఉన్నారు. స్టాంపే లేని ఆ ఉత్తరానికి స్టాంపుల ఆల్బంలో చోటెక్కడ?

ఇక ముద్రలు. దక్షిణాదిలో తొలి రైలు 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. ఆ దారే తర్వాత కాట్పాడి, గుడియాత్తం, ఆంబూరు మీదుగా జోలార్‌పేటకూ, అక్కణ్ణుంచి పడమటి తీరానికీ సాగింది. తపాలా రన్నరు కాలినడకన మోసిన సంచి రైలెక్కితే ఎన్ని రోజులు కలిసొచ్చాయో తెలియాలంటే వేసిన ఊరి తేదీ, చేరిన ఊరి తేదీ రెండూ ఒకే కాగితం మీద ఉండాలి. మూల కత్తిరిస్తే చేతిలో మిగిలేది అరకొర ముద్ర. చిరునామా మరో కథ చెబుతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాడుకు ముఖ్యపట్టణం చిత్తూరే. గుడియాత్తం నుంచి చిత్తూరు కచేరీకి వెళ్ళిన కాగితం సొంత జిల్లాలో తిరిగినట్టే లెక్క. ఇవాళ అదే దారి రాష్ట్ర సరిహద్దు దాటుతుంది. 1866 నుంచి సర్కారు ఉత్తరాలకు ‘సర్వీస్’ అని పైముద్ర వేసిన స్టాంపులు వచ్చాయి. అలాంటి కవర్లను వరసగా పేరిస్తే పాలన ఏ ఊరి చుట్టూ తిరిగిందో కళ్ళకు కడుతుంది. పేరుకు ముందు తెలుగులో మ.రా.రా.శ్రీ (మహారాజరాజశ్రీ) అనో, ఇంగ్లీషులో ఎం.ఆర్.ఆర్.వై. అనో పెట్టిన ఆనాటి మర్యాద కూడా చిరునామాలోనే ఉంది.

ఇలా సాక్ష్యం పోవడంలో సేకరణకర్తలనే తప్పుపట్టడం న్యాయం కాదు. 1853లో అమెరికన్ స్కడర్ కుటుంబం స్థాపించిన ఆర్కాటు మిషన్ లాంటి సంస్థల నుంచి సముద్రాలు దాటి ఉత్తరాలు వెళ్ళాయి. ఇలాంటివాటి విషయంలో కొన్ని దస్తావేజుశాలలు లోపలి ఉత్తరాన్ని భద్రపరచి పైకవరును పారేస్తాయి. సేకరణకర్తలు కవరును ఉంచుకుని ఉత్తరాన్ని వదిలేస్తారు. ఇద్దరూ చెరో సగం పోగొడుతున్నారు.

విడి స్టాంపుల్లోనూ విద్య ఉంది కదా అని పాతకాపులు అంటారు. నిజమే. 1854 స్టాంపులు కలకత్తా సర్వే ఆఫీసులో రాతిమీద అచ్చయ్యాయి; ఏ బిళ్ళ షీటులో ఎక్కడిదో తేల్చిన పరిశోధనకు విడి స్టాంపులూ తోడ్పడ్డాయి. కాని ఇప్పటికే ఊడినవి కావలసినన్ని ఉన్నాయి, కొత్తగా ఊడదీయాల్సిన పని లేదు. ఇది డబ్బున్నవాళ్ళ సరదా అన్నది మరో మాట. రాణి తల తలకిందులుగా పడిన నాలుగణాల స్టాంపు కోసం ఎగబడితే అంతే మరి. 1879లో వచ్చిన పావు అణా కార్డు అలా కాదు. జనం దాన్ని విపరీతంగా వాడారు, ఇవాళా మామూలు కార్డు అందుబాటు ధరలోనే ఉంటుంది. గుడియాత్తం లాంటి చిన్న ఊరి ముద్ర స్పష్టంగా పడ్డ కార్డు ఆ ధరకు దొరికితే, నా లెక్కలో తలకిందుల రాణి కంటే అదే మేలు.

నకిలీల భయం ఇంతకన్నా గట్టిది. స్టాంపు లేని పాత కవరుకు స్టాంపు అతికించి, దొంగ ముద్ర కొట్టి అమ్మేవాళ్ళున్నారు. విచిత్రమేమిటంటే దొంగను పట్టించేదీ కవరే. ముద్ర గీత స్టాంపు మీంచి కాగితం మీదికి తెగకుండా సాగిందా, స్టాంపు విలువ ఆనాటి రేటుకు సరిపోయిందా, ముద్ర తేదీకి ఆ స్టాంపు అసలు పుట్టిందా అని మూడు వైపుల నుంచి నిలదీయవచ్చు. విడి స్టాంపును అన్ని ప్రశ్నలు అడగలేం.

ఎవరిదో సొంత ఉత్తరం చదవడం తగునా అన్నదానికి నాకు పూర్తి జవాబు లేదు. ఊరు, తేదీ, రేటు, సరుకు వివరం బయటపెట్టి ఇంటి గుట్టు లోపలే ఉంచడం సబబనిపిస్తుంది. చట్టం గురించి మాత్రం సందేహం అక్కర్లేదు: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉండి 75 ఏళ్ళు నిండిన రాతప్రతులు, దస్తావేజులు కూడా పురావస్తువుల కిందికే వస్తాయి. వాటిని ఇష్టం వచ్చినట్టు విదేశాలకు పంపకూడదు.

కొనేటప్పుడు మధ్యలో చిల్లు ఉన్న కార్డులు ఎదురవుతాయి. దుకాణాల్లో, ఇళ్ళల్లో ఉత్తరాలను ఇనుప తీగకు గుచ్చి దాచేవారు. ఆ చిల్లు దానిదే. వ్యాపారులు దాన్ని లోపమని ధర తగ్గిస్తారు. చిల్లు అంచున తుప్పు మరక ఉంటే ఆ కార్డు చాన్నాళ్ళు తీగ మీదే ఉందనుకోవచ్చు, అంటే అందుకున్నవాడు చదివి పారేయలేదు. తగ్గిన ధరకే తీసుకోండి.