లైనక్స్ రీస్టార్ట్ చేస్తే విండోలన్నీ మాయం.. తిరిగి రావాలంటే ముందే ఈ సెట్టింగ్స్ చూసుకోండి!

ప్రాజెక్ట్ రిపోర్ట్ సగంలో ఉంది. బ్రౌజర్‌లో 20 ట్యాబ్‌లు, పక్కనే రెండు పీడీఎఫ్‌లు, ఓ టెర్మినల్. ఇంతలో అప్‌డేట్ పూర్తయింది, రీస్టార్ట్ చేయమని మెసేజ్ వచ్చింది. సరే కదా అని నొక్కేస్తే.. కంప్యూటర్ ఆన్ అయ్యాక స్క్రీన్ మీద వాల్‌పేపర్ తప్ప ఏమీ లేదు. లైనక్స్‌కు కొత్తగా మారినవాళ్లు కంగుతినేది ఇక్కడే. మరి ఓపెన్ చేసిన యాప్స్ వాటంతట అవే మళ్లీ రావా? వస్తాయి.. కానీ అది మీరు వాడే డెస్క్‌టాప్‌ను బట్టి ఉంటుంది.

అసలు ఎందుకిలా?
రీస్టార్ట్ చేస్తే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. అందుకే లాగౌట్ అయ్యే ముందే ఏయే యాప్స్ నడుస్తున్నాయో డిస్క్‌లో రాసిపెట్టాలి. ఆ పని చేసేది సెషన్ మేనేజర్. విండోస్‌లా లైనక్స్‌లో డెస్క్‌టాప్ ఒక్కటే ఉండదు. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ.. ఇలా చాలా ఉన్నాయి. ఒక్కోదానిది ఒక్కో పద్ధతి.

కేడీఈ ప్లాస్మా వాడితే..
ఇందులో పని సులువు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'సెషన్', అందులో 'డెస్క్‌టాప్ సెషన్' ఓపెన్ చేయాలి. చివరిసారి లాగౌట్ అయినప్పుడు ఉన్న యాప్స్ రావాలా, మీరు సేవ్ చేసిన సెషన్ రావాలా, ఖాళీగా మొదలవ్వాలా.. మూడింట్లో ఒకటి ఎంచుకుంటే చాలు.

ఎక్స్‌ఎఫ్‌సీఈలో..
లాగౌట్ బాక్స్‌లోనే 'సేవ్ సెషన్ ఫర్ ఫ్యూచర్ లాగిన్స్' అనే టిక్ ఉంటుంది. ప్రతిసారీ అదే జరగాలంటే సెట్టింగ్స్‌లోని 'సెషన్ అండ్ స్టార్టప్'లో ఆటోమేటిక్ సేవ్ ఆన్ చేసుకోవచ్చు.

ఉబుంటులో సంగతేంటి?
ఎక్కువమందికి చిక్కొచ్చేది ఇక్కడే. ఉబుంటు 24.04లో వచ్చే గ్నోమ్ సెట్టింగ్స్‌లో ఇలాంటి ఆప్షన్ కనిపించదు. రోజూ కావాల్సిన యాప్స్‌ను 'స్టార్టప్ అప్లికేషన్స్'లో చేర్చుకుంటే లాగిన్ కాగానే అవి ఓపెన్ అవుతాయి. కాకపోతే నిన్న ఎక్కడ ఆపారో దానికి గుర్తుండదు.

విండోలు వచ్చినా చోటు మారిపోతుందా?
అవును, మారొచ్చు. పాత ఎక్స్11 పద్ధతిలో యాప్ తన విండో స్క్రీన్‌పై ఎక్కడుందో తెలుసుకుని, మళ్లీ అక్కడే పెట్టమని అడగగలిగేది. దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌లో మామూలు యాప్స్‌కు ఆ వీలు లేదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6లో డిఫాల్ట్ వేలాండే. అందుకే యాప్స్ తిరిగొచ్చినా, విండోలను మళ్లీ సర్దుకోవాల్సి రావచ్చు.

బ్రౌజర్ సంగతి వేరు
ట్యాబ్‌లను బ్రౌజరే గుర్తుపెట్టుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో 'ఓపెన్ ప్రీవియస్ విండోస్ అండ్ ట్యాబ్స్', క్రోమ్‌లో 'కంటిన్యూ వేర్ యు లెఫ్ట్ ఆఫ్' ఆన్ చేయండి. అప్పుడు ఏ డెస్క్‌టాప్ అయినా ట్యాబ్‌లు తిరిగొస్తాయి. మర్చిపోయి ఖాళీ బ్రౌజర్ తెరిచారా? కంట్రోల్, షిఫ్ట్, టీ కలిపి నొక్కి చూడండి. ప్రైవేట్ విండోలో ఉన్నవి మాత్రం రావు.

ఇది మాత్రం మర్చిపోవద్దు!
విండో తిరిగి రావడం వేరు, అందులోని పని తిరిగి రావడం వేరు. డెస్క్‌టాప్ రాసిపెట్టుకునేది ఏ యాప్ నడుస్తోందన్నదే. మీరు సేవ్ చేయని పేరాగ్రాఫ్ దానికి తెలియదు. టెర్మినల్ విండో మళ్లీ వచ్చినా, అందులో నడుస్తున్న కమాండ్ ఆగిపోయినట్టే.

పైగా కరెంట్ పోయినా, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసినా లాగౌట్ అనేదే జరగదు. కాబట్టి ఆ సెషన్‌ను సేవ్ చేసే అవకాశమే ఉండదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లకు ఈ ముప్పు ఎక్కువ. లిబ్రే ఆఫీస్‌లో ఆటో రికవరీ ఉన్నా అది మామూలుగా 10 నిమిషాలకోసారే సేవ్ చేస్తుంది. అంటే 9 నిమిషాలు టైప్ చేసింది పోయే అవకాశం ఉంది. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లోకి వెళ్లి దాన్ని రెండు, మూడు నిమిషాలకు తగ్గించుకుంటే మంచిది.

రీస్టార్ట్ అవసరమే లేకపోతే?
కాసేపు పక్కకు వెళ్తుంటే 'సస్పెండ్' చాలు. పని ర్యామ్‌లోనే ఉంటుంది కానీ బ్యాటరీ అయిపోతే పోతుంది. 'హైబర్నేట్' అయితే ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్‌లో రాసి కంప్యూటర్‌ను ఆఫ్ చేస్తుంది, ఆన్ చేయగానే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. దీనికి డిస్క్‌లో సరిపడా స్వాప్ స్పేస్ ఉండాలి. ఉబుంటులో ఇది ముందే ఆన్ అయి రాదు. ఇక కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడు హైబర్నేట్ పనికిరాదు, రీస్టార్ట్ చేయాల్సిందే.

అందుకే రీస్టార్ట్ బటన్ మీదకు వేలు వెళ్లే ముందు ఒక్క క్షణం ఆగండి. ఓపెన్‌లో ఉన్న ప్రతి ఫైల్‌లో కంట్రోల్, ఎస్ నొక్కండి. విండోలు తిరిగి రాకపోతే మళ్లీ తెరుచుకోవచ్చు. సేవ్ చేయని రిపోర్ట్‌ను మాత్రం మళ్లీ రాసుకోవాల్సిందే!