సభలో మాట, పట్టీలో ఓటు, పద్దులో చందా

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వలసల విషయమై ఒక నాయకుని నిలుకడ యేపాటిదో తెలిసికొనగోరువానికి మూడు విధములైన లిఖితసాక్ష్యములు అందుబాటున ఉన్నవి: సభలో అతడు పలికినదంతయు అక్షరబద్ధము చేయు కార్యవివరణము, బిల్లుబిల్లునకు అతడు ఔనన్నాడో కాదన్నాడో చూపు ఓట్ల పట్టీ, అతని ఎన్నికకు ఎవరెంత ఇచ్చిరో తెలుపు ఫెడరల్ ఎన్నికల సంఘమువారి చందాల పద్దు. మొదటిదానిని వినువారు పెక్కురు. రెండవదానిని చూచువారు కొందరు. మూడవదానిని విలేకరులును ప్రత్యర్థిపక్షమువారును తప్ప ఒరులు సాధారణముగా తెరచి చూడరు. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన ఉంచి చదువగా, మాటకును ఓటునకును గల వైరుధ్యము కన్న, ఎవరి పేరును పట్టీకెక్కకుండ పని జరిగిపోయిన సందర్భములే ఎక్కువ సంగతి చెప్పునని నాకు తోచినది.

2000వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీనాటి ముచ్చటను తీసికొందము. హైదరాబాదు అమీర్‌పేటలో కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులు అంతస్తు మీద అంతస్తుగా వెలసి, మన పిల్లలు హెచ్-1బి వీసా చేతబట్టుకొని విమానములెక్కుచుండిన కాలమది. ఆ వీసాల వార్షిక పరిమితిని మూడేండ్లపాటు 1,95,000కు పెంచు బిల్లు ఆనాడు సెనేటులో 96 ఓట్లతో నెగ్గినది; ఎదురుగా పడిన ఓటు ఒక్కటే. అదే దినమున ప్రతినిధుల సభ దానిని మూజువాణీ ఓటుతో ఆమోదించినది. అనగా, ఇష్టులు ఔననిరి, అయిష్టులు కాదనిరి, అధ్యక్షస్థానమునందున్నవారి చెవికి ఔననువారే అధికులుగా వినబడిరి; అంతటితో సరి, ఏ సభ్యుడు ఏమనెనో తెలుపు జాబితా పుట్టనేలేదు. పాము చావవలెను, కర్ర విరుగరాదు అని మనవారు చెప్పునది ఇట్టి ఘట్టమునకే కాబోలు.

ఆనాడు ప్రతినిధుల సభకు పోటీచేయు రిపబ్లికనుల ఎన్నికల సంఘమునకు అధ్యక్షుడైన వర్జీనియా సభ్యుడు టామ్ డేవిస్, ఈ బిల్లు ప్రజలకు ప్రియమైనది కాదనియు, కంపెనీల అధిపతులకు ప్రియమైనదనియు, డబ్బిచ్చు సాంకేతిక వ్యాపారులకు ఇది మిక్కిలి ముఖ్యమనియు దాపరికము లేక చెప్పివేసెను. యూటా సెనేటరు రాబర్ట్ బెనెట్ ఇంకను ముందుకు పోయి, బిల్లు గట్టెక్కునని తేలగానే అందరును దాని వెంట చేరిరనియు, లోలోపల గిట్టనివారు చాలమందియే యున్నను, సాంకేతిక సంస్థలయొద్ద చందాలు దండుచున్నందున ఆ మాట బహిరంగముగా ఒప్పుకొనలేకపోయిరనియు వెల్లడించెను. ఇంతటి నిష్కాపట్యము రాజకీయములలో అరుదు. ఆ ఇరువురికిని నేనైతే ఒక నమస్కారము పెట్టుదును.

ఆ చట్టము తాత్కాలికముగా వచ్చువారికి తలుపు బార్లా తెరచెను గాని, ఉద్యోగమూలమున ఏటేట ఇచ్చు గ్రీన్ కార్డుల మూలసంఖ్యయైన 1,40,000ను పెంచలేదు. ఏ దేశమువారికిని అందులో 7 శాతమునకు మించరాదను నియమమునకు, ఇతరులు వాడుకొనక మిగిలినవి వాడుకొనవచ్చునను కొద్దిపాటి సడలింపు మాత్రము కల్పించినది. గ్రీన్ కార్డు వరుసలో నిలిచినవారు ఆరేండ్లు దాటిన పిమ్మటను వీసా పొడిగించుకొనుచు పనిచేయవచ్చునన్నది. కంపెనీకి కావలసినవాడు పనివాడు. పనివానికి కావలసినది స్థిరనివాసము. ముందుదానికి చందా పలికినంత గట్టిగా వెనుకదానికి పలుకలేదని నా అభిప్రాయము.

కంచె సంగతి ఇంతకన్న తేటగా పట్టీకెక్కినది. 2006లో మెక్సికో సరిహద్దున సుమారు 700 మైళ్ల కంచెను సంకల్పించిన బిల్లు సెనేటులో 80-19 ఓట్లతో నెగ్గినప్పుడు, ఔనన్నవారిలో డెమొక్రాట్లయిన బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్, జో బైడెన్, చక్ షూమర్ ఉండిరి. పండ్రెండేండ్లకు ట్రంప్ గోడకు నిధులడిగినప్పుడు షూమర్ పక్షము ససేమిరా అనుటయు, 35 దినములు ప్రభుత్వ కార్యాలయములు పాక్షికముగా మూతపడుటయు జగమెరిగిన కథ. కంచె వేరు, గోడ వేరు అను వారి సమాధానమున కొంత సత్యము లేకపోలేదు.

అవతలి పక్షమువారేమియు తక్కువ తినలేదు. 2024 ఫిబ్రవరిలో రిపబ్లికను సెనేటరు జేమ్స్ లాంక్‌ఫర్డ్, డెమొక్రాటు క్రిస్ మర్ఫీ, స్వతంత్రురాలు కిర్‌స్టన్ సినీమా కలసి కూర్చుండి కుదిర్చిన సరిహద్దు బిల్లు, ట్రంప్ వలదనుటతో, 60 ఓట్లు కావలసినచోట 49 మాత్రమే పొంది పడిపోయినది. సరిహద్దును మూయుడని దినదినము కేకలువేయుచుండినవారే అధికులు దానిని కాదనిరి. మే నెలలో డెమొక్రాట్లు, నెగ్గదని తెలిసియుండియు, అవే నిబంధనలను మరల ఓటునకు తెచ్చిరి. అప్పుడు లాంక్‌ఫర్డును సినీమాయును తాము కుదిర్చిన నిబంధనలకు తామే ఎదురోటు వేసిరి! అది ఎన్నికల ప్రదర్శనమునకై పెట్టిన ఓటని వారి ఆక్షేపణ. కావున ఓటు సయితము ఒక్కొక్కప్పుడు మారువేషము వేసిన ప్రసంగమే.

చందాల పద్దులో నేను మరల మరల చూచిన భాగమొకటి కలదు. 2016 ఆగస్టు 18న అమెరికా న్యాయశాఖ, ఫెడరల్ ఖైదీలను ప్రైవేటు జైళ్లలో ఉంచుట క్రమముగా మానుకొందుమని ప్రకటించినది. మరునాడే, జైళ్లను, వలసదారుల నిర్బంధ కేంద్రములను నడుపు జియో గ్రూపు తాలూకు అనుబంధ సంస్థ ట్రంప్ పక్షమున పనిచేయు సూపర్ ప్యాక్ అను ఎన్నికల నిధి సంఘమొకదానికి 1,00,000 డాలర్లు ఇచ్చినది; పిమ్మట మరి 1,25,000 చేర్చినది. 2017 ఫిబ్రవరిలో క్రొత్త ప్రభుత్వము న్యాయశాఖ నిర్ణయమును రద్దుచేసినది. ఏప్రిలులో టెక్సస్ రాష్ట్రపు కాన్రోలో 1,000 పడకల నిర్బంధ కేంద్రము కట్టు కాంట్రాక్టు ఆ గ్రూపునకే దక్కినది. ఫెడరల్ కాంట్రాక్టరులు చందా ఈయరాదని శాసనము. ఇచ్చిన సంస్థ వేరు, దానికి కాంట్రాక్టులు లేవని కంపెనీ వాదము. అయినను ఒకదాని వెంట ఒకటి జరిగినంత మాత్రమున బేరము జరిగినదనరాదు. చందా వలన నాయకుని బుద్ధి మారెనో, అనుకూలుడని ఎరిగియే చందా ఇచ్చిరో పద్దు చెప్పజాలదు.

మన తెలుగు కుటుంబములకు మిక్కిలి దగ్గరి ఉదాహరణము 2019 నాటిది. ఉద్యోగమూలపు గ్రీన్ కార్డులలో దేశమునకు 7 శాతమను పరిమితిని తొలగించు బిల్లు ఆ యేడు జూలై 10న ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గినది. ఇరుపక్షముల పేర్లును పట్టీలో ఉన్నవి. సెనేటులో మాత్రము, పేరుపేరున ఓటు పెట్టక, ఏకగ్రీవ సమ్మతి మార్గమును త్రొక్కిరి. ఆ మార్గమున ఒక్క సభ్యుడు లేచి అభ్యంతరమన్న చాలును, బండి నిలిచిపోవును. రిపబ్లికను రాండ్ పాల్ ఒకసారి, వలసదారుల పక్షపాతిగా పేరొందిన డెమొక్రాటు డిక్ డర్బిన్ ఒకసారి అడ్డుచెప్పిరి. మొత్తము సంఖ్యను పెంచక వరుసను మాత్రము మార్చుట అన్యాయమని డర్బిన్ వాదము, అది తోసిపుచ్చదగినది కాదు. తుదకు 2020 డిసెంబరు 2న సవరణలతో బిల్లు సెనేటును దాటినది. రెండు సభల పాఠములు కలియకమునుపే, మరుసటి నెల 3వ తేదీన ఆ కాంగ్రెసు గడువు తీరి బిల్లు మురిగిపోయినది. సెనేటరులలో ఎందరు మనసార కోరిరో, ఎందరు మురిగిపోవుటకే సంతసించిరో తెలుపు పట్టీ లేదు.

హెచ్-1బి పై నున్నవాడు అమెరికా ఎన్నికలకు ఒక్క డాలరైనను చందా ఈయరాదు. గ్రీన్ కార్డు గలవాడు ఈయవచ్చును గాని ఓటు వేయరాదు. పౌరునికి రెండును గలవు. వరుసలో నిలిచిన మన ఇంజనీరు చందాల పద్దులోను కనబడడు, ఓటర్ల జాబితాలోను కనబడడు. వరుస దాటినవారు ఒక అభ్యర్థికి 200 డాలర్లకు మించి ఇచ్చిరేని, పేరు, ఊరు, వృత్తి, పనిచేయు సంస్థతోసహా పద్దున చేరుదురు. విందులో అభ్యర్థి ప్రక్కన ఫొటో దిగిన పిమ్మట, అట్టి బిల్లు మరల వచ్చినప్పుడు పేరుపేరున ఓటు పెట్టింతురా అని అతనిని అడుగుటకు వారికి ఏ చట్టమును అడ్డురాదు.